తంబుర పేరూ, పిల్ల పేరూ

మా గురువుగారు వాడపల్లి సత్యలింగం గారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే అడిగినవాడి మొహంకేసి చూడరు, చేతులకేసి చూస్తారు. చూసి, "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"లో అవునూ ఉండదు, కాదూ ఉండదు. అడిగినవాడు ఆ పూటకి లేచి ఇంటికి పోవలసిందే. జవాబు ఆ తరవాతెప్పుడో, ఏ రేవులోనో, ఎవరింటి పెళ్ళి భోజనాల దగ్గరో, కళ్ళముందు జరిగే ఒక చిన్న సంగతిలోంచి వస్తుంది. పట్టుకున్నవాడు అదృష్టవంతుడు. పట్టుకోలేకపోతే వాడి ఖర్మ, ఆయన రెండోసారి చెప్పరు.

భీమశంకరం అడిగిన ప్రశ్నకి జవాబు భీష్మ ఏకాదశి తీర్థంలో వచ్చింది. జనమూ, రథమూ, రంగులరాట్నమూ సమస్తం ఆగిపోయి మరీ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను, ఆయన పాటకి వేసే తాళాలు చేత్తో పట్టుకుని. కాబట్టి ఇందులో విన్నమాట అంటూ పెద్దగా లేదు, అంతా చూసిందే.

ముందు శంకరం సంగతి చెప్పాలి. అతను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. గురువుగారి వేళ్ళు వాతంతో కొంకర్లు పోయిన దగ్గర్నుంచీ, ఆయన పాడుతుంటే వెనక కూర్చుని తంబుర మీటే పని అతనిదే. బంగారంలాంటి చెయ్యి. ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా, గాలి వీస్తున్నట్టు మీటేవాడు. మనిషీ మంచివాడే. కాకపోతే ఒక్క జబ్బుంది. ఏదైనా పట్టుకుంటే వదలడు. ఓసారి వాళ్ళ పెరట్లో కొబ్బరిచెట్టు ఎందుకు వంకరగా పెరిగిందని అనుమానం వచ్చి, దాని మొదలంతా తవ్వి చూశాడు. కారణం తెలిసింది. చెట్టు పోయింది.

అలాంటివాణ్ణి పట్నంలో ఒక సంగీత సభవాళ్ళు పిలిచి, తంబుర గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇతను పొంగిపోయి, "గంధర్వుడైన తుంబురుడి వాద్యం కనక దీనికి తంబుర అని పేరు వచ్చింది" అంటూ మొదలుపెట్టాడు. ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, "అదంతా పురాణం కబురండీ. తుంబి అంటే సొరకాయ. సొరబుర్రకి తీగలు కడితే తంబుర అయింది" అన్నాడు. ఇంకొకాయన ఊరుకుంటాడా! "సొరకాయా కాదు, గుమ్మడికాయా కాదు. పారశీక దేశంలో తంబూర్ అని ఒక వాద్యం ఉంది. గుర్రాల వర్తకులతోపాటు ఆ పేరు ఇటు వచ్చింది" అన్నాడు. వెనక నుంచి ఎవడో కుర్రాడు ఫోను చూసి, ఆ పారశీకం పేరు కూడా అంతకంటే పాత దేశపు మాటలోంచి వచ్చిందనీ, దానికి చిన్న విల్లు అని అర్థం చెబుతారనీ చదివాడు. అప్పుడు అధ్యక్షుడు నవ్వుతూ అన్న మాట ఉంది చూశారూ, అది శంకరం గుండెలో దిగబడింది. "మాస్టారూ, ముందు చేతిలో ఉన్నదాని పేరేమిటో తెలుసుకోండి. తరవాత తీరుబడిగా మీటుదురుగాని." సభంతా గొల్లుమంది.

మర్నాటి పొద్దున్నే శంకరం గురువుగారి అరుగు ముందు నిలబడ్డాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తంబుర అన్న పేరు అసలు ఎక్కడిదండీ? దాని అర్థం ఏమిటి? గంధర్వుడి పేరంటే మన తంబుర స్వర్గం నుంచి దిగొచ్చింది. సొరకాయ పేరంటే పాదు మీంచి దిగొచ్చింది, అయినా మన తంబుర పనసచెక్కతో చేసింది, అందులో సొరబుర్ర ఎక్కడుంది? పరదేశం పేరంటే అసలిది మనదే కాదు. ఏది నిజం?"

గురువుగారు అతని చేతులకేసి చూశారు. "ఊఁ" అన్నారు.

మామూలుగా అయితే అక్కడితో ఇంటికి పోవాలి. శంకరం పోలేదు. "తల్లి పేరు తెలియనివాడు తల్లికి దణ్ణం ఎలా పెడతాడండీ? ఈ సంగతి తేలేదాకా నేను తీగ మీద వేలు వెయ్యను" అన్నాడు. అని ఊరుకోకుండా ఇంకో పని చేశాడు. తంబురలో తీగలు ఆనుకునే చిన్న మెట్టు ఒకటుంటుంది. ఒక్కొక్క తీగ కింద, ఆ మెట్టు మీద, ఒక నూలుపోగు పెడతారు. దాన్ని జీవ అంటారు. ఆ పోగు సరైన చోట ఉంటేనే తంబుర ఝుమ్మంటుంది, లేకపోతే ఖాళీ బిందె మీద కొట్టినట్టు టంగుమని ఊరుకుంటుంది. శంకరం ఆ పోగులన్నీ తీసి, తన కండువా చెంగున పెట్టి ముడి వేసుకున్నాడు. ఆ ముడి వ్రతకంకణంలా భుజం మీంచి వేలాడుతూ ఉండేది.

నాకు మహా చెడ్డ కోపం వచ్చింది. "ఏమయ్యా, నీకు పేరు దొరక్కపోతే ఆయన పాటకి శ్రుతి తీసేస్తావా?" అని కేకలేశాను. అతను తల వంచుకున్నాడు గాని ముడి విప్పలేదు. గురువుగారు నన్నే ఊరుకోమన్నారు. ఆ రోజునుంచి తంబుర లేకుండానే పాడటం మొదలుపెట్టారు. గోడ పట్టుకుని నడిచే ముసలాయనకి గోడ తీసేసినట్టు ఉండేది. ఒక చరణం చక్కగా నడిచేది, ఇంకో చరణంలో గొంతు శ్రుతి కోసం తడుముకునేది. వింటుంటే నాకు ఏడుపొచ్చేది. శంకరం వినలేక పెరట్లోకి పోయేవాడు. పోయి, అక్కడ కూడా ఏదో నిఘంటువు తిరగేసేవాడు.

తంబుర మూగబోయిందని బెంగ పెట్టుకున్న మనిషి ఇంకొకత్తె కూడా ఉంది. ఆవిడకి మూడేళ్ళు. గురువుగారి పక్కింటి కొప్పిశెట్టి ఏడుకొండలు కూతురు. రోజూ పొద్దున్నే బెల్లం ముక్క చప్పరించుకుంటూ వచ్చి, శంకరం మీటుతుంటే తంబుర కుండకి చెవి ఆనించి కూర్చునేది. బెల్లం మరకలు ఇప్పటికీ ఉన్నాయి ఆ చెక్క మీద. తంబురని "జోంజోం" అనేది. ఇప్పుడు వచ్చి దాన్ని చేత్తో తట్టి చూసి, "జోంజోం నిద్దరోయిందా, మాస్తారూ?" అని అడిగేది. శంకరం మొహం పక్కకి తిప్పుకునేవాడు.

ఈ పిల్ల పేరు సంగతి చెప్పకపోతే తరవాత కథ అర్థం కాదు. ఏడుకొండలు తల్లి మాణిక్యాంబ గారు చనిపోయిన ఏడాదే ఈ పిల్ల పుట్టింది. అమ్మే మళ్ళీ పుట్టిందని ఇంటిల్లిపాదీ కళ్ళనీళ్ళు పెట్టుకుని, బారసాలనాడు బియ్యంలో మాణిక్యాంబ అని రాసి, ఆ పేరే పెట్టారు. బాగానే ఉంది. మరి పిలిచేదెవరు? అత్తగారి పేరు కోడలు నోట అనకూడదు, అందుకని తల్లి కుమారి "అమ్మలూ" అంటుంది. తల్లి పేరు కాబట్టి ఏడుకొండలు "అమ్మా" అంటాడు. ఇక తాత వీరాస్వామి గారు, పెళ్ళాం బతికున్నన్నాళ్ళూ "ఇదుగో" అని తప్ప పిలిచిన పాపాన పోలేదు. పేరుతోపాటు ఆ పిలుపూ మనవరాలికి సంక్రమించింది. "ఇదుగో, మంచినీళ్ళు తే" అంటాడు మూడేళ్ళ పిల్లని పట్టుకుని. ఆ పిల్ల తెస్తుంది కూడా, సగం ఒలకబోసుకుంటూ.

సాయంత్రం దీపం పెట్టాక ఏడుకొండలు కూతుర్ని ఎత్తుకుని గోడ మీద దండ వేసిన ఫొటో చూపించి, "ఎవరమ్మా ఈవిడ?" అంటాడు. "మాణిక్యాంబ!" అని ముద్దుగా అరిచి దణ్ణం పెడుతుంది. అందరూ మురిసిపోతారు. నీ పేరు కూడా అదేనే అని ఆ పిల్లకి చెప్పాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు. బడిలో వేసినప్పుడు చూసుకోవచ్చనుకున్నారు.

తీర్థం రోజు వచ్చింది. మా లంకలో కొబ్బరితోటల మధ్య, గోదావరి పాయ పక్కన జరుగుతుంది ఆ తీర్థం. రథం లాగే రోజు పందిట్లో గురువుగారి పాట ఉండటం ఎప్పటినుంచో ఆనవాయితీ. ఆ ఏడు కూడా పిలిచారు. తంబురని నేనే గుడ్డ చుట్టి మోసుకొచ్చాను. "దేనికండీ, అలంకారానికా?" అన్నాను కసిగా. "ఇంట్లో ఒక్కత్తీ ఏం చేస్తుంది, తీర్థం చూస్తుంది" అన్నారు గురువుగారు. శంకరం కూడా వచ్చాడు. తీర్థానికి పండితులెవరైనా వస్తే పట్టుకుని అడగొచ్చని అతని ఆశ. ముడి భుజం మీదే ఉంది.

మేము పందిట్లో కూర్చుని ఇంకా గొంతు సవరించుకోకముందే కుమారి జుట్టు ముడి ఊడిపోయి పరిగెత్తుకుంటూ వచ్చింది. "బాబయ్యగారూ, అమ్మలు మీ దగ్గరకి వచ్చిందాండీ?" అంది. రాలేదు. ఆవిడ అక్కడే కూలబడిపోయింది. ఖర్జూరం కొనడానికి చెయ్యి వదిలిందట, మళ్ళీ చూసేసరికి పిల్ల లేదు. వెనకాలే ఏడుకొండలు వచ్చాడు, చొక్కా అంతా చెమటతో తడిసిపోయి ఉంది. "రేవు వేపు చూడండ్రా, రేవు వేపు! పోటొచ్చే వేళండీ ఇది" అంటున్నాడు ఎవరితోనో. పోటు వేళ ఆ పాయలో పెద్దవాళ్ళే దిగరు.

నలుగురు రేవుకి పరిగెత్తారు. మేము మైకు దగ్గరకి పరిగెత్తాం. మైకు పట్టుకున్న కమిటీ కుర్రాడు పిల్ల పేరడిగాడు. తాత చెప్పలేడు, కోడలు చెప్పదు, ఏడుకొండలే చెప్పాడు. ఇక ఆ కుర్రాడు అందుకున్నాడు. "కొప్పిశెట్టి మాణిక్యాంబ, మూడేళ్ళ పాప, పసుప్పచ్చ గౌను, కాళ్ళకి మువ్వలు. మాణిక్యాంబ ఎక్కడున్నా వెంటనే కమిటీ పందిరి వద్దకు రావలసిందిగా కోరుతున్నాం." మూడేళ్ళ పిల్లని రావలసిందిగా కోరుతున్నాడు మహానుభావుడు! అయినా చెప్పాడు, పాపం, మళ్ళీ మళ్ళీ చెప్పాడు. మాణిక్యాంబ రాలేదు.

"నువ్వు పిలవమ్మా, తల్లి గొంతు పోల్చుకుంటుంది" అని మైకు కుమారి చేతికిచ్చారు. ఆవిడ పెదాలు కదిలాయి. అంత దుఃఖంలోనూ, ఒట్టు, అత్తగారి పేరు నోటికి రాలేదు. "అమ్మలూ! ఓ అమ్మలూ!" అని గుండె పగిలేట్టు పిలిచింది. అంతే! తీర్థంలో ఉన్న అమ్మలందరూ వచ్చేశారు. కోనసీమలో ఆడపిల్లలున్న ఏ ఇంట్లో అమ్మలు లేదు? పందిరి ముందు పీచుమిఠాయి మూతులతో పిల్లలు, వాళ్ళ వెనక ఏమైందంటూ తల్లులు. ఆవిడ ఒక్కొక్క మొహమే చూసి, తన పిల్ల కాదని తెలుసుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుకొండలు "అమ్మా! అమ్మా!" అని అరిస్తే, దెబ్బ తగిలిందేమోనని జనం పోగయ్యారు. వీరాస్వామి గారు మైకు లాక్కుని "ఇదుగో!" అన్నాడు. సగం తీర్థం ఇటు తిరిగి చూసింది. వేరే రోజైతే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. ఆ ముసలాయన కళ్ళు చూసి ఎవరికీ నవ్వు రాలేదు.

రేవు నుంచి మనిషి వచ్చాడు. అక్కడ కనబడలేదన్నాడు. పడవలు దింపుతున్నారన్నాడు. పడవలన్న మాటకి కుమారి కెవ్వుమంది.

అప్పుడు గురువుగారు నాతో, "తంబుర గుడ్డ విప్పు" అన్నారు.

విప్పాను. ఆయన తంబురని మైకు పక్కన నిలబెట్టుకుని, వంకరపోయిన వేళ్ళతో మీటబోయారు. వేలు తీగ మీద జారిపోయింది. మళ్ళీ ప్రయత్నించారు. టంగుమని ఒక మొద్దు చప్పుడు. "నేను మీటనాండీ?" అన్నాను. నా చేతులకేసి చూసి "ఊఁ" అన్నారు. ఇప్పటికీ ఆ "ఊఁ"కి నేను బాధపడను, నా చేతుల సంగతి నాకు తెలుసు.

శంకరం పక్కనే నిలబడి ఉన్నాడు. కుమారికేసి చూశాడు, తంబురకేసి చూశాడు, కండువా చెంగు రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. గురువుగారు ఆజ్ఞ వెయ్యలేదు, బతిమాలలేదు. మెల్లిగా అడిగారు.

"శంకరం, ఆ ముడి అంత గట్టిగా వేశావా?"

అతను ఇక ఆలోచించలేదు. ముడి విప్పబోయాడు. అన్నాళ్ళ చెమటకీ తడికీ అది బిగిసిపోయి రాలేదు. పళ్ళతో పట్టి కండువా చెంగు చింపేశాడు. పోగులు తీసి, ఎంగిలితో తడిపి సన్నగా పేని, తీగల కింద దూర్చాడు. ఒక్కొక్క తీగా మీటుతూ, చెవి దగ్గర పెట్టుకుని, పోగుని వెంట్రుకవాసి జరుపుతూ, బిరడాలు తిప్పుతూ కూర్చున్నాడు. చుట్టూ అంత గోలలో ఎలా వినబడిందో ఆ భగవంతుడికే తెలియాలి. ఉన్నట్టుండి తంబుర ఝుమ్మంది.

కానీ ఆ తీర్థంలో తంబుర ఎవరికి వినబడుతుంది? ఒక వైపు రంగులరాట్నం పాటలు, ఒక వైపు మిఠాయి కొట్ల మైకులు, రథం ముందు డప్పులు. శంకరం మైకు అందుకున్నాడు. సభలో నాలుగు మాటలు చెప్పలేక నవ్వులపాలైన మనిషి, ఆ రోజు తీర్థం మొత్తానికి వినబడేలా అరిచాడు.

"అయ్యా, అన్ని మైకులూ ఆపండి! డప్పులు ఆపండి! రథం ఆపండి! ఒక తల్లి బిడ్డ కనబడటం లేదు. మీ పాదాలకి దణ్ణం పెడతాను, ఒక్కసారి ఊరుకోండి!"

ఊరుకుంటారా అనుకున్నాను. మా లంకవాళ్ళు తిట్టుకుంటే ఆపడం కష్టం గాని, పిల్ల అంటే మాత్రం మనుషులే. ముందు డప్పులు ఆగాయి. తరవాత రథం తాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. నేనూ కమిటీ కుర్రాళ్ళూ కొట్టుకొట్టుకీ పరిగెత్తి పాటలు ఆపించాం. రంగులరాట్నం కిర్రుమంటూ ఆగింది, పైన కూర్చున్నవాళ్ళు పైనే ఉండిపోయారు. అంత పెద్ద తీర్థంలో కొబ్బరాకుల చప్పుడు వినబడింది.

శంకరం తంబుర కుండని మైకుకి ఆనించి మీటడం మొదలుపెట్టాడు.

పాట లేదు, మాట లేదు. ఝుమ్మని ఆ ఒక్క నాదమే తోటల మీంచి, జనం మీంచి, రేవు దాకా పోయింది. అందరం నాలుగు వైపులా చూస్తున్నాం. ఎవరూ రాలేదు. శంకరం మీటుతూనే ఉన్నాడు. ఎండ కొబ్బరిచెట్ల నీడల్లోంచి జరిగి అతని మొహం మీద పడింది. అయినా ఎవరూ రాలేదు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. కుమారి లేచి వచ్చి, "చాలండి మాస్టారూ, ఇంక లాభం లేదు, నా పిల్ల ఏట్లో..." అని ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

"రాకపోతే రేపటిదాకా మీటుతానమ్మా. నువ్వు ఏడుపు ఆపి దారి చూడు" అన్నాడు శంకరం. తల ఎత్తలేదు. చాన్నాళ్ళుగా తీగ తగలని వేళ్ళు పొక్కులెత్తి చిట్లాయి. చెయ్యి మాత్రం మొదలుపెట్టినప్పుడు ఎలా ఉందో అలాగే నడుస్తోంది. కొబ్బరిచెట్టు మొదలు తవ్విన పట్టుదల అది. ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే చోట దిగింది.

రథం అవతల, గాజుల కొట్ల వైపు నుంచి జనం పక్కకి తప్పుకోవడం కనబడింది. మువ్వల చప్పుడు. పసుప్పచ్చ గౌను. రెండు చేతుల నిండా గాజులు. వెనక గాజుల మంగాయమ్మ, ఆవిడ చీర కుచ్చెళ్ళు పిల్ల గుప్పిట్లో ఉన్నాయి, ఆవూదూడా తారుమారైనట్టు పిల్లే ఆవిణ్ణి ఈడ్చుకొస్తోంది. ఆ పిల్ల తల్లిని చూడలేదు, తండ్రిని చూడలేదు. తిన్నగా వచ్చి తంబుర కుండకి చెవి ఆనించి, "జోంజోం లేచింది!" అంది.

కుమారి పిల్లని చుట్టేసుకుంది. వీరాస్వామి గారు పక్కకి తిరిగి తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుకొండలు మాత్రం ఆ ఊపులో మంగాయమ్మ మీద విరుచుకుపడ్డాడు. "ఇంతసేపు మైకులో అరుస్తుంటే వినబళ్ళేదా నీకు? పిల్లని కొట్లో కూర్చోబెట్టుకుంటావా?"

మంగాయమ్మ తక్కువదా! నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఆయ్, వినబడింది బాబూ, నాకేం చెవుడు లేదు. నా కొట్టు ముందు ఏడుస్తుంటే చేరదీశాను. రథం కదిలి దారి మూసుకుపోయింది, లేకపోతే అప్పుడే తెచ్చేదాన్ని. ఆ పేరు మైకులో వినబడగానే అడిగాను కూడానూ. 'నువ్వు మాణిక్యాంబవా తల్లీ?' అని. ఏమందో అడుగు నీ కూతుర్ని!"

"ఏమన్నావమ్మా?" అన్నాడు ఏడుకొండలు.

పిల్ల తల్లి భుజం మీంచి మొహం ఎత్తి, ఇంత పెద్దవాళ్ళకి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది. "నేను కాదు. మాణిక్యాంబ గోడ మీద ఉంది" అంది.

ముందు వీరాస్వామి గారు మొదలుపెట్టాడు నవ్వు. ఏడుస్తూ నవ్వాడు. దాంతో పందిరంతా నవ్వింది. మంగాయమ్మకి చేతులెత్తి మొక్కాడు ఏడుకొండలు. ఆవిడ "చాల్లే, ఊరుకో" అని, పిల్ల చేతుల గాజులు సరిచేసి వెళ్ళిపోయింది. డప్పులు మోగాయి, రంగులరాట్నం మీదవాళ్ళని దింపారు, రథం కదిలింది.

గురువుగారి పాట ఆలస్యంగా మొదలైంది. కానీ ఆ రోజు ఆయన పాడినట్టు నేను మళ్ళీ వినలేదు. గొంతు తడుముకోలేదు, వెతుక్కోలేదు. వెనక శంకరం, వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని మీటుతున్నాడు. అతని మోకాలి మీద తల పెట్టుకుని పిల్ల నిద్రపోయింది. తల్లి వచ్చి ఎత్తుకోబోతే లేపవద్దని శంకరమే సైగ చేశాడు.

పాట అయ్యాక జనం రథం వెంట పోయారు. పందిట్లో మేమే మిగిలాం. శంకరం తంబురకి గుడ్డ చుట్టబోయి ఆగాడు. అతని మొహం చూడగానే నాకు అర్థమైంది, ఆ ప్రశ్న ఎక్కడికీ పోలేదు. మనిషి అలాంటివాడు, ఏం చేస్తాం!

"గురువుగారూ, పిల్ల దొరికింది, సంతోషమే. మరి ఆ పేరు సంగతి? గంధర్వుడా, సొరకాయా, పరదేశమా?"

ఈసారి "ఊఁ" అంటారని నేను తాళాలు సంచిలో పెట్టుకుంటున్నాను. గురువుగారు శంకరం చేతులకేసి చూశారు. గుడ్డపీలికల మీద అక్కడక్కడ ఎర్రగా ఉంది. చాలాసేపు చూసి, ఆ చేతుల్ని తన వంకర వేళ్ళ మధ్యకి తీసుకున్నారు.

"మాణిక్యాంబ గోడ మీద ఉంది నాయనా. దండ వెయ్యి, దణ్ణం పెట్టు, ఆ పేరు ఏ ఊరిదో పెద్దల్ని అడుగు. చేతిలో ఉన్నదాన్ని మాత్రం కింద పెట్టకు."